హోమ్ థియేటర్ గదిలో రిక్లైనర్‌కు బదులు మసాజ్ కుర్చీ వేసుకోవచ్చా?

పైమేడ_విజయవాడ:

మిత్రులందరికీ నమస్కారం. మా ఇంటి పై అంతస్తులో 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు ఉన్న గదిని హోమ్ థియేటర్‌గా మారుస్తున్నాము. 110 అంగుళాల తెర, ప్రొజెక్టర్, చుట్టూ ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్, పైకప్పులో రెండు స్పీకర్లతో 5.1.2 అమరిక అనుకున్నాము. వైరింగ్ పూర్తయింది, ఫాల్స్ సీలింగ్ పని నడుస్తోంది. ఇప్పుడు కుర్చీల దగ్గర ఆగిపోయాము.

మొదట మూడు మోటారు రిక్లైనర్లు (బటన్ నొక్కితే వెనక్కి వాలే కుర్చీలు) తీసుకోవాలని నిర్ణయించుకున్నాము. ఇంతలో డాలస్‌లో ఉంటున్న మా తమ్ముడు కుటుంబంతో సహా ఇక్కడికి వచ్చేస్తూ, ఇంటి సామానుతో పాటు తన మసాజ్ కుర్చీని కూడా కంటైనర్‌లో పంపిస్తానని, ఒక రిక్లైనర్ తగ్గించుకుని దాన్ని మధ్యలో వేసుకోమని అంటున్నాడు. అది అందరికీ నచ్చితే అలాంటిదే మరొకటి ఇక్కడ కొనవచ్చునని మా శ్రీమతి ఆలోచన. మా నాన్నగారికి నడుము నొప్పి ఉంది, రోజూ సాయంత్రం పాత సినిమా చూసే అలవాటూ ఉంది కాబట్టి ఒకే కుర్చీతో రెండు పనులూ జరిగిపోతాయని ఇంట్లో అందరూ ఉత్సాహంగా ఉన్నారు.

నా సందేహాలు ఇవి. వెనక్కి వాలి మసాజ్ చేయించుకుంటున్నప్పుడు తెర సరిగా కనిపిస్తుందా? మోటారు శబ్దం సినిమాకు అడ్డు తగులుతుందా? అక్కడి కుర్చీ ఇక్కడి కరెంటుకు పనికొస్తుందా? ఇలా వాడుతున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పగలరు.


ధ్వనిపనివాడు:

హోమ్ థియేటర్లు అమర్చడమే నా వృత్తి. ఈ ప్రశ్న నన్ను తరచుగా అడుగుతుంటారు కాబట్టి కాస్త విపులంగానే రాస్తాను.

ముందు మీ గది లెక్క చూద్దాము. 110 అంగుళాల తెర వెడల్పు సుమారు 8 అడుగులు ఉంటుంది. సినిమా కోసం తెర మన కంటికి 40 డిగ్రీల మేర కనిపించాలనుకుంటే తెర నుంచి 11 అడుగుల దూరంలో కూర్చోవాలి, 30 డిగ్రీలు చాలుననుకుంటే దాదాపు 15 అడుగులు వెనక్కి పోవాలి. మీది 16 అడుగుల గది కాబట్టి 11 అడుగుల దగ్గర ఒకే వరుస వేసుకోవడం సబబు. తెర కింది అంచు నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటే, కుర్చీలో వాలిన మనిషి కంటికి తెర మధ్యభాగం 8 డిగ్రీల పైన, పై అంచు 19 డిగ్రీల పైన ఉంటాయి. అంటే చూపు దాదాపు తిన్నగానే సాగాలి.

ఇప్పుడు మసాజ్ కుర్చీ సంగతి. అందులో జీరో గ్రావిటీ అనే భంగిమ ఉంటుంది. 1970లలో స్కైల్యాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రంలో ఉన్న వ్యోమగాములు బరువు లేని స్థితిలో శరీరాన్ని వదులుగా వదిలేసినప్పుడు మొండానికీ తొడలకూ మధ్య ఏర్పడిన కోణం, సుమారు 128 డిగ్రీలు, దీనికి ఆధారమని చెబుతారు. నడుముకు అది హాయిగానే ఉంటుంది. అయితే కుర్చీలో ఆ కోణం రావాలంటే వీపు బాగా వెనక్కి వాలుతుంది, మోకాళ్ళు గుండె ఎత్తుకు లేస్తాయి, మొహం పైకప్పు వైపు తిరుగుతుంది. అక్కడి నుంచి తెరను చూడాలంటే గడ్డాన్ని గుండె వైపు దించి, మెడ బలంతో తలను ఎత్తి పట్టుకోవాలి. తల వెనక దిండు పెట్టుకోవచ్చు కదా అంటారు. దిండు పెడితే మసాజ్ చేసే రోలర్లు మెడకు అందవు. మంచి రిక్లైనర్లలో తల ఆనించే భాగానికి వేరే మోటారు ఉండేది ఇందుకే: వీపు ఎంత వాలినా తలను మాత్రం ముందుకు నెట్టి చూపును తెర మీద నిలుపుతుంది. నేను చూసిన మసాజ్ కుర్చీల్లో ఈ సదుపాయం లేదు, ఉండే వీలు కూడా తక్కువ, ఎందుకంటే రోలర్లు నడిచే పట్టాలు మెడ దాకా ఒకే వంపులో సాగిపోవాలి. మసాజ్‌కు కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చేయాలి, సినిమాకు తల నిలబెట్టి కళ్ళు తెరిచి ఉండాలి. కుర్చీ ఎంత ఖరీదైనదైనా ఈ పేచీ తీరదు.

తర్వాత శబ్దం. తయారీదారులు ఇచ్చే డెసిబెల్ అంకెను చూసి నిశ్చింతగా ఉండకండి. ఆ కొలత కుర్చీకి కొంత దూరంలో మైకు పెట్టి తీసుకున్నది. మీ చెవి మాత్రం మెడ రోలర్లకు జానెడు దూరంలో ఉంటుంది, పైగా తల మెత్తకు ఆనుకుని ఉండటం వల్ల మోటారు గరగర ఎముకల ద్వారా కూడా లోపలికి చేరుతుంది. కాళ్ళను నొక్కే గాలి సంచులు నిండేటప్పుడు పంపు శబ్దం, ఖాళీ అయ్యేటప్పుడు బుస్సుమనే చప్పుడు వీటికి అదనం. పోరాట దృశ్యాల్లో ఇవేవీ తెలియకపోవచ్చు. నెమ్మదిగా మాట్లాడుకునే సన్నివేశం వచ్చేసరికి వాల్యూమ్ పెంచుతారు, ఆ వెంటనే పాట వస్తే ఇల్లంతా ఉలిక్కిపడుతుంది. పక్క కుర్చీలో ఉన్నవారికి మసాజ్ సుఖం ఉండదు, చప్పుడు మాత్రం పూర్తిగా దక్కుతుంది.

ఇంకొకటి, భుజాలను పట్టి నొక్కడానికి కుర్చీకి ఇరువైపులా రెక్కలు ఉంటాయి. అవి సరిగ్గా చెవుల పక్కకు వచ్చి, పక్క గోడల మీది సరౌండ్ స్పీకర్ల నుంచి వచ్చే పలుచని ధ్వనులను అడ్డుకుంటాయి. చినుకుల శబ్దం, జనం గుసగుసలు వంటివి ముందుగా మాయమవుతాయి. గదిలో అన్నింటికన్నా మంచి స్థానమైన నడిమి సీటులో ఈ కుర్చీ వేయడమంటే రిసీవర్‌కూ స్పీకర్లకూ పెట్టిన డబ్బును కొంత వదులుకోవడమే.

కాబట్టి నడిమి స్థానంలో మాత్రం వద్దు. గదిలో ఉండాలనే కోరిక బలంగా ఉంటే వరుస చివర వేసుకోండి. ఆ అమరిక గురించి కావాలంటే విడిగా చెబుతాను.


సాగరనగరం:

మాది విశాఖపట్నం. మా థియేటర్ గదిలో మసాజ్ కుర్చీ ఉంది, రోజూ వాడుతున్నాము కూడా. పైన మిత్రులు చెప్పిన లెక్కలతో నాకు పేచీ లేదు కానీ, గదిలో చూసేవన్నీ సినిమాలే కావు కదా. క్రికెట్ మ్యాచ్‌కు ఇంతకన్నా మంచి ఆసనం లేదని నేను గట్టిగా చెప్పగలను. ఓవరుకూ ఓవరుకూ మధ్య కళ్ళు మూసుకున్నా నష్టం లేదు, వికెట్ పడితే మళ్ళీ చూపిస్తారు, వ్యాఖ్యానం ఒక ముక్క వినిపించకపోయినా కథ తప్పిపోదు. టెస్ట్ మ్యాచ్ అయితే మరీ మేలు. కర్ణాటక సంగీత కచేరీ రికార్డింగులకు మాత్రం పనికిరాదు; ఆలాపన మధ్యలో పంపు బుస్సుమంటే ప్రాణం చివుక్కుమంటుంది. మసాజ్ ఆపేసి వింటాము.

మసాజ్ లేకుండా ఉత్త కుర్చీగా కూర్చున్నప్పుడు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ఆపేసిన రోలర్లు వీపులో ఎక్కడో ఒకచోట ఒత్తుకుంటూనే ఉంటాయి. పిక్కలు పట్టే గాడుల్లోనే కాళ్ళు పెట్టుకోవాలి. మనలో చాలామందికి సినిమా అరగంట దాటేసరికి సోఫాలోనే బాసింపట్టు వేసుకుని కూర్చునే అలవాటు, ఈ కుర్చీలో అది కుదిరే పని కాదు. చిన్నపిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకోవడమూ ఇబ్బందే, పిల్లల చేతులు ఆ గాడుల దగ్గరకు పోకుండా ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచాలి. టీ కప్పు పెట్టుకోవడానికి చోటు ఉండదు. జంతికల పొడి, పాప్‌కార్న్ తుంపులు పిక్కల గాడుల అడుగున చేరితే మామూలు చీపురు అక్కడికి చేరదు, మేము వాక్యూమ్ క్లీనర్ సన్న గొట్టం పెట్టి లాగుతాము. తల ఆనించే మెత్త మీద కొబ్బరి నూనె మరక పడి నల్లబడటం మొదలైన తర్వాత పాత తువ్వాలు చుట్టి వాడుతున్నాము. పైతొడుగు చాలావరకు పీయూ లెదరే, అంటే కృత్రిమ తోలు. మా సముద్రపు గాలి తేమకు అది పొలుసులుగా ఊడుతుంది. విజయవాడలో అంత తేమ లేకపోయినా కృష్ణ పక్కనే ఉంది కాబట్టి, గదిని నెలల తరబడి మూసి ఉంచకండి.

పైకి ఎక్కించే సంగతి కూడా ఆలోచించండి. ఈ కుర్చీలు చాలావరకు 80 నుంచి 120 కిలోల బరువు ఉంటాయి. వెడల్పు రెండున్నర అడుగులకు అటూ ఇటూగా ఉంటుంది. మెట్లు మలుపు తిరిగే చోటు, గది తలుపు వెడల్పు ముందే టేపు పెట్టి కొలవండి. చేతులు ఆనించే భాగాలు విప్పితే కొంత కలిసొస్తుంది.

చుట్టాలు వచ్చినప్పుడు సినిమా మధ్యలో ఆ కుర్చీ కోసం జరిగే వంతుల గొడవ గురించి ఇక్కడ రాయను.


పైమేడ_విజయవాడ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మెడ సంగతి మాకు అసలు తట్టలేదు. తలుపు కొలిచాను, 30 అంగుళాలు ఉంది; చేతులు విప్పితేనే పడుతుందేమో. కరెంటు విషయం, నాన్నగారి నడుము విషయం తెలిసినవారు కూడా చెబితే తమ్ముడికి ఏదో ఒకటి తేల్చి చెప్పగలను.


కరెంటుమనిషి:

కుర్చీ వెనక, అడుగు భాగంలో ఒక లేబుల్ అతికించి ఉంటుంది. దాని ఫొటో తీసి పంపమని మీ తమ్ముడిగారిని అడగండి. అందులో 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే అదృష్టమే, ప్లగ్ మారిస్తే సరిపోతుంది. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే వ్యవహారం వేరు.

మన 230 వోల్టులను 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ బజారులో దొరుకుతుంది. కుర్చీ వాడకం సాధారణంగా 150 నుంచి 250 వాట్ల మధ్య ఉంటుంది కాబట్టి, మోటార్లు మొదలయ్యేటప్పటి అదనపు లాగుడును కలుపుకుని 500 వీఏ కన్నా తక్కువది తీసుకోవద్దు. కానీ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుందే తప్ప ఫ్రీక్వెన్సీని మార్చదు. 60 హెర్ట్జ్ కోసం చేసిన చుట్టకు అదే 120 వోల్టులను 50 హెర్ట్జ్‌లో ఇస్తే, దాని ఇనుప గుండెలో అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరిగి వేడెక్కుతుంది. 110 వోల్టులే ఇస్తే ఆ పెరుగుదల 10 శాతానికి తగ్గుతుంది. రోలర్లను తిప్పేవి డీసీ మోటార్లయితే వాటికి ఈ తేడా పట్టదు. నేరుగా ఏసీ కరెంటు మీద నడిచే గాలి పంపు ఉంటే మాత్రం అది నెమ్మదిస్తుంది, వేడెక్కుతుంది కూడా. ఎండాకాలం విజయవాడలో ఆ వేడికి ఊరి వేడి కూడా తోడవుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్‌కు సన్నగా హమ్ అనే శబ్దం ఉంటుంది. సినిమా గదిలో దాన్ని ఉంచితే మళ్ళీ అదొక తలనొప్పి కాబట్టి గది బయట అమర్చి, తీగను గోడలో నుంచి తీసుకురావాలి. అమెరికా ప్లగ్ కోసం ప్రయాణాల్లో వాడే చవకరకం అడాప్టర్లు వాడకండి, వాటిలో చాలావాటికి ఎర్త్ ఉండదు. లోపల ఇనుప చట్రం, హీటర్ ఉన్న కుర్చీలో మనిషి గంటల తరబడి ఆనుకుని కూర్చుంటారు కాబట్టి ఎర్తింగ్ విషయంలో సర్దుబాటు కుదరదు.

కుర్చీ పూర్తిగా వాలి ఉన్నప్పుడు కరెంటు పోతే మోటారు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. కుర్రాళ్ళు ఎలాగో దిగిపోతారు. నడుము నొప్పి ఉన్న పెద్దాయనకు కాళ్ళు పైకి, తల కిందికి ఉన్న కుర్చీలోంచి చీకట్లో లేవడం కష్టం. ఏ దేశపు కుర్చీ అయినా సరే, ఆ సాకెట్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపండి. ఇదే జాగ్రత్త మోటారు రిక్లైనర్లకూ వర్తిస్తుంది.


వెన్నుపూస:

నేను ఫిజియోథెరపిస్టుని. కుర్చీ అందించేది కాసేపటి ఉపశమనమే అని మొదటే చెప్పాలి. 1954లో నొబువో ఫుజిమోతో అనే ఆయన ఒసాకాలో మసాజ్ కుర్చీని తయారుచేసి సామూహిక స్నానశాలల్లో పెట్టినప్పటి నుంచీ దాని స్వభావం ఇదే: మనిషి వచ్చి, కాసేపు కూర్చుని, లేచి వెళ్ళిపోవాలి. ఇప్పటి కుర్చీల మాన్యువళ్ళలో కూడా ఒక విడత 15 నుంచి 20 నిమిషాలు, మొత్తం మీద అరగంట మించకూడదనే ధోరణిలోనే సూచనలు ఉంటాయి, టైమర్ కూడా దానికి తగ్గట్టే ఆపేస్తుంది. మన సినిమా రెండున్నర గంటల పైమాటే. టైమర్ ఆగిన ప్రతిసారీ బటన్ నొక్కుకుంటూ సినిమా అంతా మసాజ్ చేయించుకుంటే, ఒకేచోట నలిగిన కండరాలకు మర్నాడు ఉదయానికి నొప్పి ఎక్కువవుతుంది.

మీ నాన్నగారి విషయంలో నడుము నొప్పి ఎందుకు వస్తోందో తెలియకుండా ఆ కుర్చీలో కూర్చోబెట్టకండి. డిస్క్ జారి నరం నొక్కుకుంటున్నవారికి, ఎముకలు గుల్లబారినవారికి, ఈమధ్య ఆపరేషన్ అయినవారికి, కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారికి, రక్తం పలుచబడే మందులు వాడేవారికి, పేస్‌మేకర్ ఉన్నవారికి వైద్యుడి అనుమతి లేకుండా ఇది వద్దు. షుగర్ చాలాకాలంగా ఉండి పాదాలు తిమ్మిరెక్కే వారి గురించి నాకు ఇంకా ఎక్కువ భయం, ఎందుకంటే గాలి సంచి గట్టిగా నొక్కినా, హీటర్ చర్మాన్ని కాల్చినా వారికి వెంటనే తెలియదు. ఇలాంటి పాదంతో వచ్చిన పెద్దవారి మడమ మీద, కుర్చీ గాడి అంచు పడిన మేర, ఎర్రగా కమిలిన గీతను నేను చూశాను. ఆ గీత అక్కడ ఉన్నట్టు ఆయనకే తెలియదు.

బీపీ మాత్రలు వేసుకునేవారు జీరో గ్రావిటీ నుంచి నేరుగా లేచి నిలబడితే కళ్ళు తిరగవచ్చు. థియేటర్ గది చీకటిగా ఉంటుంది కాబట్టి కుర్చీని నిటారుగా తెచ్చుకున్న తర్వాత రెండు నిమిషాలు ఆగి, దీపం వేసుకుని లేవాలి. భోజనం చేసిన వెంటనే కూర్చోవడం కూడా మంచిది కాదు.

పెద్దాయన సాయంత్రం సినిమాకు నా సలహా అయితే నడుము ఒంపు దగ్గర ఆసరా ఉన్న, మరీ మెత్తగా లోపలికి దిగిపోని రిక్లైనర్. ముప్పావుగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయమనండి.


ధ్వనిపనివాడు:

పై సలహాకు తగిన సదుపాయం మన సినిమాలోనే ఉంది. విశ్రాంతి కార్డు పడగానే సినిమా ఆపి, లైట్లు వేసి, కావలసినవారు 15 నిమిషాల మసాజ్ చేయించుకోవచ్చు. తక్కినవారు టీ తాగి వస్తారు. శబ్దం గురించి గానీ, మెడ గురించి గానీ తగువు ఉండదు. నా ఖాతాదారుల్లో మసాజ్ కుర్చీ కొని పశ్చాత్తాపపడనివారు దాన్ని ఇలాగే వాడుతున్నారు.

ఇక అమరిక. మీ 12 అడుగుల వెడల్పులో గోడ పక్కన ఒక అడుగు వదిలి, రెండు రిక్లైనర్లకు 6 అడుగులు, మసాజ్ కుర్చీకి రెండు ముప్పావు అడుగులు పోగా, తలుపు వైపు నడవడానికి రెండు అడుగుల పైచిలుకు మిగులుతుంది. మసాజ్ కుర్చీని ఆ దారి వైపు చివర వేయండి. వరుస వెనక 5 అడుగుల ఖాళీ ఉంటుంది కాబట్టి వెనక్కి వాలడానికి ఇబ్బంది లేదు. దాని ఎత్తయిన వీపు, రెక్కలు పక్కవారికి అడ్డు రాకుండా సరౌండ్ స్పీకర్ల బాక్సులను నేల నుంచి 5 అడుగుల ఎత్తుకు జరిపించండి. గోడలకు పెయింటింగ్ మొదలుకాకముందే ఈ పని చేయించాలి.

మీ ఇంట్లోవారికి నచ్చింది మసాజ్ కాదు, కుర్చీ అదరడమే అయితే దానికి వేరే మార్గం ఉంది. బేస్ షేకర్ అనే చిన్న పరికరాన్ని రిక్లైనర్ చట్రానికి అడుగున బిగించి, సబ్‌వూఫర్ సిగ్నల్‌ను ఒక చిన్న ఆంప్లిఫయర్ ద్వారా దానికి ఇస్తే, ఉరుము వచ్చినప్పుడు కుర్చీ కూడా ఉరుముతుంది. రోలర్ల మాదిరి కాకుండా ఇది సినిమాను అనుసరించి నడుస్తుంది, నిశ్శబ్ద సన్నివేశంలో తానూ నిశ్శబ్దంగా ఉంటుంది. పెద్దాయన కూర్చునే కుర్చీకి మాత్రం బిగించవద్దు.


పైమేడ_విజయవాడ:

తమ్ముడు లేబుల్ ఫొటో పంపాడు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్, 230 వాట్లు అని ఉంది. కుర్చీని అక్కడే స్నేహితుడికి ఇచ్చేస్తున్నాడు. తల భాగానికి వేరే మోటారు ఉన్న రిక్లైనర్లు మూడింటికి మాట్లాడుతున్నాము, ముందు నాన్నగారిని వైద్యుడికి చూపిస్తున్నాము. మసాజ్ కుర్చీ కావాలా వద్దా అన్నది ఆ తర్వాత చూస్తాము, కొన్నా అది కింది హాలులోనే. స్పీకర్ బాక్సులు 5 అడుగులకు జరిపించాము. చివరగా ఒక్క సందేహం: రిక్లైనర్లకు లెదరెట్ తొడుగు మేలా, గుడ్డ మేలా?


ధ్వనిపనివాడు:

గుడ్డ తీసుకోండి. చెవుల వెనక ఎత్తుగా లేచే నున్నటి లెదరెట్ పలుచని ధ్వనులను తిప్పికొడుతుంది, ఏసీ గదిని చల్లబరిచేలోపు వీపుకు అంటుకుంటుంది కూడా. తల దగ్గరి భాగానికి మాత్రం విప్పి ఉతుక్కునే విడి తొడుగు కుట్టించమని ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పండి.